పచ్చయమ్మ ఇంటిముందు అల్లిచెట్టు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నది ఒక్క ఇల్లు కట్టి అలిసిపోయిన వాళ్ళెవరో అన్న మాట. పచ్చయమ్మ నలభై ఏళ్ళలో ఎన్ని ఇళ్ళు కట్టి చూసిందో ఆమెకే తెలియదు. వేలూరులో ఏ వీధిన నడిచినా ఏదో ఒక గోడ దగ్గర ఆగి, "దీనికి ఇటుకలు మోసింది నేనే" అంటుంది. పక్కనున్నవాళ్ళు ఆ గోడను చూసి తల ఊపాలి. ఊపకపోతే ఆ ఇంటి పునాదిలో ఎన్ని బండ్ల రాయి పడిందో కూడా నిలబడి వినాల్సి వస్తుంది.

మొగుడు అంజప్ప మేస్త్రి. అతను గోడ మీద, ఆమె గోడ కింద చిత్తాళు. చిత్తాళంటే ఇటుకా ఇసుకా అందించాలి, సిమెంటు కలపాలి, కట్టిన గోడకు పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పట్టాలి. తప్పులు మేస్త్రి చేస్తాడు, తిట్లు చిత్తాళు తింటుంది. పచ్చయమ్మ మాత్రం తిన్న తిట్టును తిన్నచోటే తిరిగి వడ్డించేది గనక ఆమె జోలికి ఎవరూ ఎక్కువగా వచ్చేవాళ్ళు కాదు.

పని సాగినన్నాళ్ళూ వాళ్ళ కాపురం ఆ కట్టే ఇంటి ముందరే, రేకుల కొట్టంలో. కొట్టం పక్కన జానెడు మన్ను కనబడితే చాలు, పచ్చయమ్మ చేతులు ఊరుకునేవి కావు. బొప్పాయి గింజో, మునగకొమ్మో, చిక్కుడు విత్తనమో గుచ్చేది. పని నీళ్ళు పారే చోటు కాబట్టి ఏది పెట్టినా పొంగుకొచ్చేది. అది కాపుకొచ్చే వేళకు సరిగ్గా ఇల్లు పూర్తయ్యేది. గృహప్రవేశం రోజు ఇంటివాళ్ళు మేస్త్రికి పంచె, ఆమెకు చీర పెట్టి, ఆకేసి అన్నం పెట్టేవాళ్ళు. తిని చెయ్యి కడుక్కుని, రేకులు పీకి బండిలో వేసుకుని ఇంకో వీధికి. చెట్టు అక్కడే ఉండిపోయేది. కాయ ఇంటివాళ్ళది.

సత్తువాచ్చారిలో ఆమె నాటిన మునగచెట్టు ఒకటి ఇప్పటికీ ఆ వీధి వీధికంతా సాంబారు పెడుతోంది. ఒకసారి ఆ దారిన పోతూ, చెట్టు కింద రాలిన కాయ ఒకటి తీసి చేతిలో పట్టుకుంది. లోపల్నుంచి ఎవరో ఆడమనిషి "యారదు?" అని, ఎవరది అన్నట్టు తమిళంలో కేకేసింది. ఇది నేను నాటిన చెట్టు అని చెప్పొచ్చు. చెప్పలేదు. కాయను గోడ మీద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని వచ్చేసింది. ఆ సంగతి అంజప్పకు కూడా చాలా ఏళ్ళు చెప్పలేదు. తాను నాటిన చెట్టు కాయ ఒక్కటి, తన గుమ్మం ముందు నిలబడి తినాలన్న కోరిక ఆ రోజు పుట్టింది. చిన్న కోరికే. కానీ తన గుమ్మమంటూ ఉంటే కదా.

ఉండేసరికి ఆమెకు అరవై దాటింది. తొరపాడిలో చీలికంత స్థలం కొని, పని లేని రోజుల్లో వాళ్ళ ఇల్లు వాళ్ళే కట్టుకున్నారు. ఊరందరికీ ఆర్నెల్లలో ఇల్లు లేపిన అంజప్పకు సొంత ఇంటికి ఏడేళ్ళు పట్టింది. చివర్లో గోడకు కట్టిన సారం కర్రల మీద నుంచి జారిపడి మోకాలు చితికింది. చివరి గోడకు పూత కొడుకు బాలా పూశాడు. బాలా అసలు పేరు బాలచంద్రన్. వాడూ మేస్త్రే, కాకపోతే వాడి చేతిలో తాపీ కంటే ఫోను ఎక్కువసేపు ఉంటుంది.

ఇల్లు పూర్తయ్యాక గుమ్మానికీ గేటుకీ నడుమ ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడుగు నేల మిగిలింది. దాని మీద పెద్ద పంచాయితీ.

"ముందర టైల్స్ ఏసేస్తామ్మా" అన్నాడు బాలా. "బండి నిలిపేకి బాగుంటాది. చిమ్మేకి సులువు."

"చిమ్మేది నేను. నా సులువు నువ్వు చెప్పనక్కర్లే."

"మరి ఆ మన్నుతో ఏం చేస్తావు?"

"చెట్టు పెడతా. అల్లిచెట్టు."

బాలాకు ఆ పేరే తెలియదు. గోడకానుకుని కాలు చాపుకుని కూర్చున్న అంజప్పకు తెలుసు. "దాని కొయ్యతోనే మా నాయన సమ్మెటకు పిడి ఏసేటోడు. ఇనుమున్నట్లు ఉంటాది. కానీ అది కొండమీది చెట్టు గదే. ఇంటిముందర ఎవురు పెడతారు?"

"నేను పెడతా."

ఆమె పుట్టింది ఆలంగాయం దగ్గర, జవ్వాదికొండ అడుగున. నాయన రాళ్ళు కొట్టేవాడు. అమ్మ కొట్టిన రాళ్ళు మోసేది. ఎండాకాలం మొదట్లో కొండవాలు మీద అల్లిచెట్లు పూసేవి. ఆ పూత మామూలుగా ఉండేది కాదు. కొమ్మ చివర ఒకటీ అరా పూయడం కాదు, కొమ్మకు ఒళ్ళంతా చెమట పోసినట్టు కణుపు కణుపునా నీలం. ముదురాకుపచ్చ ఆకుల మధ్య ఆ నీలం దూరం నుంచి చూస్తే ఎవరో నీలిమందు కలిపిన బకెట్టు చెట్టు మీద గుమ్మరించినట్టు ఉండేది. రెండు నెలలకు కాయలు. పచ్చగా, తర్వాత ఎర్రగా, ఆఖర్న నల్లగా. బఠాణీ గింజంత పండు, నెత్తిన చిన్న కిరీటం.

"నల్లంగా అయినాకే తిను పాపా" అనేది వాళ్ళమ్మ. "ఎర్రది తింటే నోరు పట్టుకుంటాది."

ఎర్రదీ తినేది, నల్లదీ తినేది. ఆ రోజుల్లో మధ్యాహ్నం వండుకోవడమనే అలవాటు వాళ్ళింట లేదు. పొద్దున రాగిసంకటి, రాత్రి రాగిసంకటి, నడుమ ఎండలో అల్లిపండ్లు. పెదాలు, నాలుక, వేళ్ళు ఊదారంగు. సాయంత్రం నాయన సమ్మెట కింద పెట్టి, "ఏదీ, నాలిక చూపించు" అనేవాడు. చూపించేది. ఆ రంగును బట్టి ఆ పూట బిడ్డ కడుపు ఎంత నిండిందో ఆయన చూసుకునేవాడు. ఈ సంగతి ఆమెకు బిడ్డను కన్న తర్వాత గానీ తట్టలేదు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఒకసారి ఆ చోటికి పోయింది. కొండవాలు లేదు. రాయి తీసిన పెద్ద గొయ్యి, అడుగున పాచిపట్టిన నీళ్ళు. చెట్లు యాడికి పోయాయని అడగడానికి మనిషి కూడా లేడు.

ఇవన్నీ బాలాకు చెప్పలేదు. చెబితే జాలిపడతాడు, ఆమెకు జాలి గిట్టదు. పక్కింటి యువరాణి గోడ మీద నుంచి తల పెట్టి సలహా ఇచ్చింది.

"పెద్దమ్మా, బొప్పాయి పెట్టుకో. ఎనిమిది నెలలకంతా కాయ. అదేందో కొండచెట్టు కాసేలోపల..." అని ఆగింది.

"కాసేలోపల నేను పోతానా? చెప్పు, నోట్లో పెట్టుకుని నములుతావేంది?"

యువరాణి తల కిందికి దించేసింది.

బాలా ఆఖరుకు ఒక మాట తేల్చాడు. "సరేమ్మా. ఒక్క చెట్టు. బతికిందా, ఉంటాది. చచ్చిందా, మరుసటి దినం టైల్స్. ఆమైన నన్ను ఏమీ అనకూడదు."

"సరి" అంది ఆమె. బతక్కుండా ఎక్కడికి పోతుందని ఆమె ధైర్యం.

మొక్క దొరికితే కదా నాటడానికి. బాలా బండి మీద నర్సరీకి తీసుకుపోయాడు. అక్కడివాడు రంగురంగుల ఆకుల మొక్కలు చూపించాడు, థాయ్‌లాండు రేగు చూపించాడు. అల్లి అంటే తల అడ్డంగా ఊపాడు. "మన కొండమీది చెట్టు మన ఊళ్ళో దొరకదు గానీ యాడిదో దేశం రేగు మాత్రం ఇంటికే వస్తుందంట" అని దారి పొడుగునా సణుగుతూనే ఉంది.

ఇంటికొచ్చాక మూడో రోజుకూ ఆగని ఆ సణుగుడు వింటూ బియ్యం ఏరుతున్న కోడలు సుగన్య తల ఎత్తింది. సుగన్యది గుడియాత్తం. వాళ్ళ నాన్న లుంగీల నూలుకు రంగులద్దే పని చేసేవాడు. "అత్తా, ఊదాగా గుండంగా ఉంటాదే, ఆ పండేనా? మా తాత కాలంలో నూలుకు పసుపు ఎక్కేకి దాని ఆకు ఏసేటోళ్ళంట. మా ఊళ్ళో గోపాలస్వామి నాయుడు తోటలో ఒక చెట్టు ఉండాది. చిన్నప్పుడు గోడ దూకి తినేటోళ్ళం."

"ఈ మాట మూడు దినాల ముందు చెప్పుంటే నర్సరీకి పోయే పెట్రోలు మిగిలేది గదమ్మా."

"మీరు అడగలే గదత్తా."

ఆ కోడలంటే పచ్చయమ్మకు ఇష్టం. పైకి చెప్పదు.

గోపాలస్వామి నాయుడు తోట గుడియాత్తం చివర, కౌండిన్య ఏటి పక్కన. ఆయనకు ఎనభై ఏళ్ళు. చెవులు కాస్త మందగించాయి గానీ చేతులు కాదు. కొబ్బరిచెట్ల చివర, పాడుబడ్డ బావి పక్కన అల్లిచెట్టు. కాపు చివరిది. పండ్లు నల్లగా ఉన్నాయి. పచ్చయమ్మ దాని కింద నిలబడి తల ఎత్తి కొమ్మ కొమ్మా చూసింది. సుగన్య మొదటిసారి అత్త నోరు మూసుకుని ఉండటం చూసి, ఒంట్లో బాగలేదేమో అనుకుంది.

నాయుడు పిడికెడు పండ్లు కోసి ఇచ్చాడు. "తిను, అమ్మా."

"వద్దయ్యా."

"ఏం? పండేగా."

"నా ఇంటిముందర కాసినాక తింటా."

నాయుడు ఆమెను ఎగాదిగా చూసి, ఆ పండ్లు తన నోట్లోనే వేసుకున్నాడు. తల్లిచెట్టు కింద రాలిన గింజలకు మొలిచిన మొక్కల్లో మోకాలెత్తున్నదాన్ని ఒకటి, వేరు చుట్టూ మన్ను విడిపోకుండా గునపంతో తవ్వి గోనెలో చుట్టి ఇచ్చాడు. "చూడమ్మా, దీన్ని నాటేది ఎట్లంటే" అని మొదలుపెట్టాడు.

"చెట్టు పెట్టేది నాకు తెలుసయ్యా. నలభై ఏండ్లుగా పెడతా ఉండా."

నాయుడు నోరు మూసుకున్నాడు. పెద్దమనిషిని మాట పూర్తి చేయనిచ్చి ఉంటే ఈ కథ ఇంత పొడుగు ఉండేది కాదు.

ఆడవాళ్ళకు టికెట్టు లేని బస్సు వచ్చిన కొత్త అది. కండక్టరు గోనెను చూసి, అమ్మకు టికెట్టు లేదు గానీ చెట్టుకు ఉందన్నాడు. "అదీ ఆడదేనయ్యా, కాయలు కాస్తాది" అంది పచ్చయమ్మ తమిళంలో. బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, చెట్టుకు టికెట్టు మాత్రం కొట్టాడు.

నాటే పని అంజప్ప పైన వేసుకున్నాడు. మోకాలు పోయాక అతను ఒక పని చేతికి తీసుకోవడం అదే మొదలు. గొయ్యిని నాలుగు పక్కలా మూలమట్టం పెట్టి, మొగ్గు లేకుండా చెక్కినట్టు తవ్వాడు. అడుగున ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకముక్కలూ సున్నపు పెళ్ళలూ వేసి దిమ్మిసతో గట్టిగా కొట్టాడు. దాని మీద ఇసుక, మళ్ళీ దిమ్మిస. మొక్కను నిలబెట్టి, పక్కన తూకుగుండు వేలాడదీసి, ఒంకర లేదని ఒక కన్ను మూసి చూసుకున్నాడు. చుట్టూ మన్ను పోసి కాలితో అదిమి, జానెడు ఎత్తు గట్టు కట్టాడు.

"వందేండ్లయినా కదలదు" అన్నాడు.

తర్వాతి పని పచ్చయమ్మది. కట్టింది ఏదైనా సరే, ఇరవయ్యొక్క రోజులు తడి ఆరకూడదు. స్లాబు వేస్తే చుట్టూ గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టాలి, గోడైతే గోనె కప్పి తడపాలి. ఒక్క పూట ఎండినా పగులు. నలభై ఏళ్ళు ఆమె చేతులు నేర్చిన ప్రేమ అదొక్కటే. పొద్దున నాలుగు బిందెలు, సాయంత్రం నాలుగు బిందెలు. గట్టు నిండా నీళ్ళు నిలబడి అందులో ఆకాశం కనిపించేది. పదో రోజుకు ఆకు పసుపు తిరిగింది. ఎండ తగిలిందేమోనని తడిగోనె కప్పి పూటకు ఇంకో రెండు బిందెలు పెంచింది. పదిహేనో రోజుకు ఆకులు రాలడం మొదలైంది. ఆరు బిందెలు చాలడం లేదు అనుకుంది.

ఇరవయ్యొకటో రోజు పొద్దున గోనె తీస్తే పుల్ల ఒక్కటి నిలబడి ఉంది. తూకుగుండుకు సరిగ్గా, నిటారుగా.

బాలా వచ్చి చూశాడు. ఎగతాళి చేయలేదు. అదే ఆమెకు ఎక్కువ కోపం తెప్పించింది. "టైల్స్‌కు చెప్పేస్తామ్మా" అన్నాడు మెల్లగా. మధ్యాహ్నానికి టైల్స్ కట్టలు గేటు బయట దిగాయి.

పచ్చయమ్మ అన్నం తినలేదు. రాలిన ఆకులు నాలుగు కొంగున ముడేసుకుని, ఎవరికీ చెప్పకుండా గుడియాత్తం బస్సెక్కింది.

నాయుడు ఆ ఆకులను అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు.

"ఎన్ని దినాలు నీళ్ళు పోసినావు?"

"ఇరవయ్యొక్క దినాలు. రెండు పూటలా."

"ఎవురు చెప్పినారు?"

"ఎవురు చెప్పేది? స్లాబుకు అంతే గదయ్యా."

నాయుడు నవ్వుతాడని ఆమె పళ్ళు బిగబట్టుకుని ఉంది. ఆయన నవ్వలేదు. "అమ్మా, స్లాబు గట్టిపడల్ల. ఇది గట్టిపడకూడదు. అడుగున ఏమేసినారు?"

"ఇటుకముక్కలేసి దిమ్మిస కొట్టినాడు మా ఆయన. దిగబడకుండా ఉండేకి."

"చెట్టు దిగబడల్లమ్మా. దిగబడితేనే అది చెట్టు." ఆయన ఆకులు కింద పారేశాడు. "కొండమీద దీనికి బిందెలు మోసే చిత్తాళు ఎవురుండారు? వాన కురిసినప్పుడు తాగుతాది, కురవనప్పుడు గమ్మునుంటాది. ఆ పొద్దే చెప్పబోతే నువ్వు నా నోరు మూయించినావు."

"తప్పే అయ్యా." ఆ మాట ఆమె నోట పదేళ్ళకు ఒకసారి వస్తుంది. "ఇప్పుడు బతుకుతాదా?"

"గోటితో కాండం గీరి చూడు. లోపల పచ్చంగా ఉంటే తవ్వి తీయండి. ఆ చెత్తంతా పారేసి కొండ ఎర్రమన్ను, ఎండాకు పోసి నాటండి. ఒక్క చెంబు నీళ్ళు. ఆమైన దాని జోలికి పోవద్దు. పచ్చంగా లేకపోతే నీ కొడుకు మాట విను."

తిరుగు బస్సులో సీటున్నా ఆమె కూర్చోలేదు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా మొక్క ముందు చతికిలబడి గోటితో గీరింది. పైన గోధుమరంగు. ఇంకా కింద గీరింది, గోధుమే. నేలకు రెండు వేళ్ళ ఎత్తున మళ్ళీ గీరితే, దారపు పోగంత సన్నగా పచ్చ.

"ఏమయ్యా, గునపం తీసుకో."

అంజప్పకు సంగతి చెబితే మొహం మాడ్చుకున్నాడు. "నలభై ఏండ్లలో నేనేసిన పునాది ఎవురూ పగలగొట్టలే."

"ఈ పొద్దు నువ్వే పగలగొట్టు. ఇంకొకడు పగలగొట్టినాడనే పేరన్నా తప్పుతాది."

ఎంత బాగా కొట్టాడో ఏమో, అది పగలడానికి రెండు గంటలు పట్టింది. చెడిపోయిన మోకాలు చాపుకుని, ఇంకో మోకాలి మీద కూర్చుని, గునపంతో పొడుస్తూ అతను తన పనితనాన్నే తిట్టుకున్నాడు. ఆమె పెళ్ళలు తట్టలో ఎత్తి బయట పోసింది. నలభై ఏళ్ళు ఇద్దరూ కలిసి కట్టడమే చేశారు, కూలగొట్టడం ఇదే మొదలు. గొయ్యి అడుగున నీళ్ళు కుళ్ళువాసన కొట్టాయి.

సాయంత్రం బాలా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఇంటి ముందు గొయ్యి, గట్టున గోనెలో పుల్ల, ఒంటినిండా బురదతో అమ్మా నాయనా.

"ఏందమ్మా ఇది?"

"బతికుంటే ఉంటాది అన్నావు గదా. ఇంకా బతికుండాది."

బాలా వంగి ఆమె గీరినచోట చూశాడు. నమ్మకం కలగక తన గోటితో ఇంకాస్త గీరబోయాడు. "చాల్లేరా, దాని చర్మమంతా నువ్వే ఒలుస్తావా" అని చెయ్యి మీద ఒక్కటి వేసింది. అతను లోపలికి పోయాడు. మరునాడు పనికి పోయి వచ్చేటప్పుడు బండికి అటొకటి ఇటొకటి సిమెంటు గోతాలు కట్టుకుని వచ్చాడు. వాటి నిండా ఎర్రమన్ను.

"యాడిది నాయనా?"

"ఆలంగాయం పక్కన పని నడస్తా ఉండాది. కొండకింద తవ్వినా." చెప్పి, ఆమె మొహం చూడకుండా చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. టైల్స్ కట్టలను వెనక్కి పంపలేదు, గేటు బయటే ఉంచాడు. అంత తొందరగా నమ్మే రకం కాదు, అమ్మ పోలిక.

ఒక్క చెంబు నీళ్ళు పోశారు. ఆ తర్వాత ఏమీ చేయకుండా ఉండాలి. పచ్చయమ్మ జీవితంలో ఏనాడూ చేయని పని అది. పొద్దున లేస్తే చెయ్యి బిందె మీదికి పోయేది. సుగన్య వచ్చి బిందె లాక్కునేది. చూస్తే పోయకుండా ఉండలేనని, గుమ్మం మెట్టు మీద దానికి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టింది. వెల్లుల్లి ఒలిచినా, చింతపండు పిక్క తీసినా వీపే. వీధిలో పోయేవాళ్ళు ఇంటివైపు తిరిగి కూర్చున్న ముసలమ్మను చూసి కోడలితో తగాదా పడిందేమో అనుకునేవాళ్ళు.

రెండు నెలలకు కణుపు దగ్గర రెండాకులు. ఆ రోజు బాలా గేటు బయటి టైల్స్‌ను ఎవరికో ఇచ్చేశాడు.

అది పెరిగింది అనాలంటే అబద్ధమాడాలి. ఏడాదికి జానెడు. పక్కన యువరాణి పెట్టిన బొప్పాయి ఎనిమిది నెలలకు కాసింది, రెండో ఏడు గాలివానకు నడిమికి విరిగింది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ కాసింది. గోడ మీద నుంచి బొప్పాయి ముక్కలు అందిస్తూ, "పెద్దమ్మా, నీ చెట్టు పెరగతా ఉండాదా, కూర్చోనుండాదా?" అనేది.

"కూర్చోని ఉంటే పడిపోయే పని లేదు" అని ముక్కలు అందుకునేది పచ్చయమ్మ.

ఆ మాటలు పైకే. లోపల ఆమె వయసు ఆమెకు తెలుస్తూనే ఉంది. రెండో ఏడు ఆయాసం మొదలైంది. మూడో ఏడు కంటికి ఆపరేషన్ అయింది. పచ్చకళ్ళద్దాలు పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నప్పుడు అంజప్ప అన్నాడు, "నాయుడు దగ్గరికి పోయి ఒక పండు తిని రాకూడదా? ఎందుకే ఈ పంతం?"

అప్పుడు చెప్పింది సత్తువాచ్చారి మునక్కాయ సంగతి. ఎన్నేళ్ళదో. అంజప్ప విని మోకాలు నిమురుకున్నాడు. "ఆ ఇంటి గోడ గూడా మనమే కట్టినాం" అన్నాడు.

నాలుగో ఏడు, ఎండలు మొదలయ్యే మాసి నెలలో, ముగ్గు వేయడానికి వచ్చిన సుగన్య పిలిచింది. "అత్తా, కొమ్మకు ఏదో పట్టింది. నీలంగా. బూజేమో చూడు."

పచ్చయమ్మ తిరిగి చూసింది. వీపు పెట్టి కూర్చునే అలవాటు పోక, నాలుగేళ్ళలో దాన్ని తిన్నగా చూడటం అరుదు. ఆకుల కింద, ఎండుపుల్ల అనుకున్న కణుపుల్లో, ఆవగింజంత మొగ్గలు గుత్తులు గుత్తులుగా. వారంలో విచ్చుకున్నాయి. చెట్టు నడుమెత్తే, కానీ ఒక్క కొమ్మ ఖాళీ లేదు. వీధిలో పోయేవాళ్ళు బండ్లు ఆపి ఫోటోలు తీసుకున్నారు. ఏ దేశం చెట్టని ఒకాయన అడిగాడు. "జవ్వాదికొండ దేశం" అంది ఆమె.

పూసినదంతా కాస్తుందా? ముక్కాలు భాగం రాలి వాకిలి నీలమైంది. సగం కాయలు పిందెల్లోనే పోయాయి. మిగిలినవాటి మీద పిట్టలకూ ఉడుతలకూ కన్ను. అంజప్ప సిమెంటు సంచులు చీల్చి పేలికలు కట్టాడు. చేతికర్ర పట్టుకుని పొద్దంతా చెట్టు పక్కన కాపలా. పచ్చయమ్మ వీపు తిప్పి కూర్చోవడం మానేసింది. పచ్చవి ఎర్రనయ్యాయి. ఎర్రనివి నల్లబడటం మొదలైన రోజు బాలా పనికి పోతూ ఒకటి తెంపబోతే, "చెయ్యి తియ్యి" అంది. అంతే. బాలా తీసేశాడు.

వైకాశి నెల చివర, ఎండలు తగ్గుముఖం పట్టాక, ఒక పొద్దున, పదకొండు పండ్లు పూర్తిగా నల్లబడ్డాయి. స్నానం చేసి వచ్చి ఒక్కొక్కటే కొంగులోకి కోసింది. కోసి గేటు వైపు రెండు అడుగులు వేసి ఆగిపోయింది. తానెందుకు గేటు వైపు పోతోందో ఆమెకే అర్థం కాలేదు.

"ఎవురికి ఇచ్చేకి పోతా ఉండావు?" అన్నాడు అంజప్ప మెట్టు మీద నుంచి. "ఇంటామె నువ్వే గదా."

ఆమె తిరిగి వచ్చి గుమ్మం ముందు నిలబడింది. ఒకటి నోట్లో వేసుకుంది. పలచని కండ, లోపలంతా గింజ. తీపి కొంచెం, వగరు జాస్తి. నమిలి, గింజ అరచేతిలో ఉమ్మింది. సుగన్య పక్కనే నిలబడి ఆమె మొహాన్నే చూస్తోంది.

"ఎట్లుండాది అత్తా?"

"వగరుగా ఉండాది." ఇంకొకటి వేసుకుంది. "అప్పుడు ఇంత వగరు లే. అప్పుడు ఆకలుండింది." మూడోది వేసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వగరుకే అయి ఉండాలి. ఒకటి అంజప్ప చేతిలో పెట్టింది, ఒకటి సుగన్యకు, ఒకటి బాలా కోసం గిన్నెలో వేసింది. మిగిలినవి పిడికిట్లో మూసుకుని మెట్టు మీద కూర్చుంది.

గోడ మీద యువరాణి తల లేచింది. "పెద్దమ్మా, పండినాయా? నాకొకటి ఇయ్యి, తిని చూస్తా."

నాలుగేళ్ళు బొప్పాయి ముక్కలు అందించిన మనిషి. ఇవ్వకపోతే బాగుండదు. పచ్చయమ్మ పిడికిలి తెరిచి చూసుకుంది. ఐదు ఉన్నాయి.

"రేపు రా తల్లీ, చెట్టు మీద ఇంకా ఉండాయి" అంది, పెదాలు అప్పటికే ఊదాగా తిరిగి. "ఈ పొద్దువి నావి."